టూరింగ్ సైకిల్ కొనే ముందు షిఫ్టర్ సంగతి తేల్చుకోండి: నెల్లూరు నుంచి శ్రీశైలం ఘాటు దాకా తొక్కిన మూడు సైకిళ్ల రివ్యూ

నమస్కారం. సామాన్లు కట్టుకొని రోజుకు 80, 100 కిలోమీటర్లు తొక్కడానికి సైకిలు కొనదలచినవారు నన్ను అడిగే ప్రశ్నలు ఎక్కువగా ఫ్రేము గురించో టైర్ల గురించో ఉంటాయి. గేరు మార్చే మీట, అంటే షిఫ్టర్, ఎలాంటిది తీసుకోవాలని అడిగినవారు చాలా తక్కువ. నా మటుకు నాకు మొదట తేల్చుకోవలసింది అదే. సీటు నచ్చకపోతే అదే రోజు సాయంత్రం మార్చుకోవచ్చు, టైరు నచ్చకపోతే అరిగాక మార్చుకోవచ్చు. షిఫ్టర్ నచ్చకపోతే మాత్రం దానితో పాటు హ్యాండిల్ బారు, బ్రేకు లివర్లు, ఒక్కోసారి డీరైలర్లు (గొలుసును ఒక చక్రం మీద నుంచి మరో చక్రం మీదికి జరిపే భాగాలు) కూడా మార్చవలసి వస్తుంది.

ఈ రివ్యూలోని మూడు సైకిళ్లలో ఒకటి నాది, మిగిలిన రెండూ మిత్రులను అడిగి తెచ్చుకున్నవి. మూడింటినీ వేర్వేరు నెలల్లో, వెనుక సంచుల్లో ఇంచుమించు 15 కిలోల బరువుతో, నెల్లూరు నుంచి ఒంగోలు వరకు 16వ నంబరు జాతీయ రహదారి మీద, అక్కడి నుంచి పొదిలి, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాటు వరకు తొక్కాను. నున్నటి చదును రోడ్డు, ఎండ, ఎదురుగాలి, నల్లమల ఎక్కుడు అన్నీ ఒకే దారిలో దొరుకుతాయి కనుక ఈ దారిని ఎంచుకున్నాను.

మొదటిది వంపు హ్యాండిల్ బారు సైకిలు. బ్రేకు లివరులోనే గేరు మీట కూడా కలిసి ఉండే ఈ పద్ధతిని షిమానో సంస్థ 1990లో ఎస్‌టీఐ పేరుతో తెచ్చింది. ఒంగోలు నుంచి తిరిగి వచ్చేటప్పుడు సింగరాయకొండ దాటాక మధ్యాహ్నం సముద్రపు గాలి ఆగ్నేయం నుంచి మొదలవుతుంది. ఆ గాలి ఒక నిమిషం తగ్గి, మరో నిమిషం పెరుగుతూ ఉంటే, ఒళ్లు వంచి కూర్చున్న చోటు నుంచి చెయ్యి కదపకుండా ఒక్కొక్క గేరు మార్చుకుంటూ పోవడంలో ఈ షిఫ్టరును మించినది నేను చూడలేదు. నిలబడి తొక్కుతూ కూడా గేరు మార్చవచ్చు.

దీని కష్టం చెడిపోయినప్పుడు తెలుస్తుంది. గేరు తీగ లివరు లోపల చిన్న మలుపు తిరగవలసి ఉంటుంది కాబట్టి, కొన్ని వేల కిలోమీటర్ల తరువాత అక్కడే పోగు పోగుగా చిట్లి తెగే అవకాశం ఎక్కువ. నాకు పొదిలి దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. తీగ తెగితే డీరైలర్ స్ప్రింగు గొలుసును వెనుక ఉన్న అన్నిటికంటే చిన్న చక్రం మీదికి, అంటే తొక్కడానికి అన్నిటికంటే బరువైన గేరులోకి లాగేస్తుంది. రోడ్డు పక్క పంచర్ షాపు పెద్దాయన లివరు వంక చూసి, "దీన్ని ఇప్పితే మళ్లా కూడతదని నేను చెప్పలేను అబ్బాయ్" అని నిజాయితీగా అన్నారు. ఆ తరువాత ఆయన చేసిన పని నాకు పెద్ద పాఠం: మిగిలిన తీగను లాగి, నీళ్ల సీసా బిగించే బోల్టు కింద పెట్టి బిగించారు. దానితో గొలుసు మధ్య చక్రం మీద నిలిచింది. ముందున్న మూడు చక్రాలు యథాతథంగా పని చేస్తున్నందువల్ల, మూడు గేర్లతో మార్కాపురం చేరుకోగలిగాను.

రెండోది తిన్నని హ్యాండిల్ బారు సైకిలు. దీనికి బొటనవేలితో, చూపుడువేలితో నొక్కే ట్రిగ్గర్ షిఫ్టర్లు ఉన్నాయి. మొదటిసారి గేర్ల సైకిలు ఎక్కేవారికి ఇది సులువుగా అలవాటవుతుంది. దోర్నాల దాటిన తరువాత ఘాటు మలుపుల్లో వెనుక బస్సు హారను కొడుతుండగా, వేళ్లు బ్రేకు మీదే ఉంచి గేరు మార్చగలగడం నాకు నిజంగా ధైర్యాన్నిచ్చింది. అయితే చేతులు పెట్టుకోవడానికి ఒకే చోటు ఉండటంతో 60 కిలోమీటర్లు దాటాక అరచేతులు మొద్దుబారాయి. తిరుగు ప్రయాణంలో సైకిలును బస్సు పైన వేసినప్పుడు, వెనుక డీరైలర్ వేలాడే హ్యాంగర్ కాస్త వంగింది. అప్పటి నుంచి ఒక క్లిక్కు నొక్కితే గొలుసు రెండు చక్రాల మధ్య కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఈ మీటలు ఒక్కో క్లిక్కుకు ఒక్కో గేరు చొప్పునే నడుస్తాయి, క్లిక్కు లేకుండా నడిపే వీలు వీటిలో లేదు.

పిడిని మెలితిప్పి గేరు మార్చే షిఫ్టర్ల గురించి కూడా కొందరు అడిగారు. మే నెలలో మన తీరంలో పట్టే చెమటకు ఆ పిడి జారుతుంది కనుక నేను వాటిని సిఫారసు చేయను.

మూడోది నా సైకిలు. ఇది ఉక్కు ఫ్రేముది. వంపు హ్యాండిల్ బారు రెండు చివర్లలో దూర్చిన బార్-ఎండ్ షిఫ్టర్లు దీనికి ఉన్నాయి. సర్లీ లాంగ్ హాల్ ట్రక్కర్ వంటి పేరున్న టూరింగ్ సైకిళ్లు ఈ షిఫ్టర్లతోనే వచ్చేవి. కుడి మీట దగ్గర ఒక చిన్న రింగు ఉంటుంది. షిమానో 9 స్పీడ్ (అంటే వెనుక తొమ్మిది చక్రాలకు చేసిన) బార్-ఎండ్ షిఫ్టర్లలో దీన్ని తిప్పితే క్లిక్కులు పోయి, మీట ఎక్కడ ఆపితే అక్కడ నిలిచే ఫ్రిక్షన్ పద్ధతి వస్తుంది. 1984లో షిమానో క్లిక్కుల పద్ధతిని తన డ్యూరా-ఏస్ భాగాల్లో తెచ్చే ముందు, ఎక్కువ మంది ఇలా చెవితో వింటూ గేరు సరిచూసుకున్నవారే. నా సైకిలుకు కూడా ఒకసారి బస్సులోనే హ్యాంగర్ వంగింది. ఆ రోజు రింగు తిప్పి, గొలుసు చప్పుడు ఆగే వరకు మీటను సన్నగా జరుపుతూ ఇల్లు చేరాను. దూర ప్రయాణానికి నేను దీన్నే కోరుకోవడానికి ఆ ఒక్క రింగు చాలు.

లోపాలు లేవని అనను. నెల్లూరు ట్రంకు రోడ్డు రద్దీలో గేరు మార్చడానికి చెయ్యి బ్రేకు మీద నుంచి తీయవలసి రావడం ఇబ్బందే. నిలబడి ఎక్కుతున్నప్పుడు మీట అందదు. టీ కొట్టు గోడకు సైకిలు ఆనించినప్పుడు మొదట దెబ్బ తగిలేది కూడా మీటకే. పగలంతా రోడ్ల మీద తిరిగి, రాత్రికి ఊరికి చేరేవారికి ఇవి చిన్నవి. రోజూ ఆఫీసుకు కూడా ఇదే సైకిలు మీద వెళ్లేవారు మొదటి రెండింటిలో ఒకటి తీసుకోవడం మేలు.

"ఇప్పుడు దొరికింది కొని, తరువాత షిఫ్టర్లు మార్చుకుంటాను" అనుకునేవారు కొన్ని కొలతలు చూడాలి. తిన్నని బారు మీద మీటలు బిగించే చోటు మందం 22.2 మిల్లీమీటర్లు, వంపు బారుది 23.8 మిల్లీమీటర్లు. అందువల్ల ఒకదాని మీటలు రెండోదానికి నేరుగా పట్టవు. వంపు బారుకు చేసిన మామూలు బ్రేకు లివరు లాగే తీగ పొడవు, రెండు పొడవాటి చేతులతో చక్రం అంచును పట్టే వి-బ్రేకులకు చాలదు. షిమానో 9 స్పీడ్ వరకు రోడ్డు షిఫ్టరుతో మౌంటెన్ సైకిల్ వెనుక డీరైలర్ కలుస్తుంది, 10 స్పీడ్ నుంచి కలవదు. కొండ ఎక్కడానికి పెద్ద చక్రాల క్యాసెట్ (వెనుక పళ్ల చక్రాల కట్ట), దాన్ని మోయగల మౌంటెన్ డీరైలర్ కావలసిన మనకు ఈ సంగతి చాలా ముఖ్యం.

ఆ అవసరం ఎంతో ఒక లెక్క చెబుతాను. ముందు 26 పళ్లు, వెనుక 34 పళ్లు ఉంటే, 700 బై 35 టైరుతో ఒక చుట్టు తొక్కితే సైకిలు సుమారు 1.66 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కినా గంటకు 6 కిలోమీటర్ల వేగమే వస్తుంది. ముందు 34, వెనుక 34 ఉన్న సైకిలు మీద అదే కాళ్ల వేగానికి గంటకు 7.8 కిలోమీటర్లు పోవాలి. 15 కిలోల బరువుతో ఘాటులో ఆ తేడా మోకాళ్లకు తెలుస్తుంది. షిఫ్టర్ ఎంత ఖరీదైనదైనా ఈ చిన్న గేరు లేని సైకిలును టూరింగుకు తీసుకోకండి.

కొనే రోజున మీ సంచిలో 10 కిలోల బియ్యం వేసుకొని షాపుకు వెళ్లండి. వెనుక క్యారియరుకు కట్టి, పది నిమిషాలు తొక్కి, ఆగబోయే ముందు పెద్ద గేరు నుంచి చిన్న గేరుకు దిగి చూడండి. మీటను వెతకకుండా చెయ్యి దాని మీదికి వెళ్లాలి. ఏది కొన్నా ఒక గేరు తీగ అదనంగా తీసుకోండి. రోడ్డు పక్క షాపుల్లో దొరికేది చాలా వరకు బ్రేకు తీగ. అది సుమారు 1.5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, 1.2 మిల్లీమీటర్ల గేరు తీగ పోయే దారిలో అది దూరదు. నేను నా తీగను చుట్టగా చుట్టి, సీటు కింద సంచిలో పంచర్ సామాను పక్కనే ఉంచుతాను.