క్యాష్ ఆన్ చేసే ముందు

అందరికీ నమస్కారం. బూట్ కోడ్‌లో, డేటా క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న వేగవంతమైన మెమరీ) ఆన్ చేసే ముందు దాన్ని ఇన్‌వాలిడేట్ చేసే, అంటే అందులో ఉన్నదేదీ చెల్లదని గుర్తుపెట్టే ఒక చిన్న లూప్ ఉంటుంది, రివ్యూలో ఎవరూ దాని దగ్గర ఆగరు. ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

ఆర్మ్ కార్టెక్స్-ఏ9 ప్రాసెసర్ తీసుకుందాం. పవర్ రాగానే దాని డేటా క్యాష్ ఖాళీగా ఉంటుందనుకుంటాం. ఉండదు. అదంతా ఎస్‌ర్యామ్ అనే మెమరీ, పవర్ రాగానే ఏ బిట్ సున్నాగా లేస్తుందో, ఒకటిగా లేస్తుందో చెప్పలేం. ఆ లైను చెల్లుతుందని చెప్పే వ్యాలిడ్ బిట్, అందులోని మార్పు ఇంకా మెమరీకి చేరలేదని చెప్పే డర్టీ బిట్ కూడా అంతే. తర్వాత వచ్చిన ఏ7, ఏ15 మామూలుగా రీసెట్‌లో తామే ఇన్‌వాలిడేట్ చేసుకుంటాయి. ఏ9లో ఆ పని మనదే.

ఇక్కడ చాలామంది 'క్లీన్ అండ్ ఇన్‌వాలిడేట్' వాడతారు, ఏ డేటా పోకుండా ఉంటుందని. బూట్ వేళ కొంప ముంచేది అదే! డర్టీ అని చూపిస్తున్న చెత్తనంతా తీసుకెళ్లి మెమరీలో రాసేస్తుంది. అప్పటికి పోగొట్టుకోవడానికి మన డేటా ఏముందని? ఉత్త ఇన్‌వాలిడేట్ చాలు.

ఇక లూప్. 32 కేబీ క్యాష్, 32 బైట్ల లైను, 4-వే (అంటే ఒక్కో సెట్‌లో 4 లైన్లు): మొత్తం 256 సెట్లు. సైజు చెప్పే రిజిస్టర్‌లో మాత్రం 255 అని ఉంటుంది, ఒకటి తగ్గించి పెడతారు కాబట్టి. దాన్నే లెక్క అనుకుని 'ఐ లెస్ దేన్ 255' అని రాస్తే చివరి సెట్ మిగిలిపోతుంది. 1024 లైన్లలో 4. బోర్డు చక్కగా బూట్ అవుతుంది, డెమో కూడా అయిపోతుంది. ఎప్పుడో ఒకసారి ఎక్కడో డేటా పాడవుతుంది, అందరూ డీడీఆర్ మెమరీ టైమింగ్‌ను తిట్టుకుంటారు. పాడైన అడ్రస్‌లు రాసిపెట్టుకుని చూడండి. ప్రతి 8 కేబీలో (256 సెట్లు × 32 బైట్లు) చివరి 32 బైట్లలోనే పడుతుంటే, దొంగ దొరికినట్టే. ఆ సెట్‌లోని చెత్త లైను మెమరీకి వెళ్లినా, ఆ స్థానం తప్ప వేరే చోట పడలేదు.

సరిచేయడం రెండు నిమిషాల పని: సైజు రిజిస్టర్‌లోని ఆ అంకెకు ఒకటి కలపాలి, లూప్ అయ్యాక డీఎస్‌బీ (ముందు పనులు పూర్తయ్యేదాకా ఆపే ఇన్‌స్ట్రక్షన్) వేయాలి, ఆ తర్వాతే కంట్రోల్ రిజిస్టర్‌లో డేటా క్యాష్‌ను ఆన్ చేసే సీ బిట్ పెట్టాలి. క్యాష్ ఆన్‌లో ఉండగా ఇదే ఫంక్షన్‌ను ఎవరైనా పిలిస్తే ఇంకా మెమరీకి చేరని స్టాక్ గల్లంతే, కాబట్టి ఫంక్షన్ మొదట్లోనే సీ బిట్ చూసి, ఆన్‌లో ఉంటే ఆపేయండి.

టెస్ట్‌కు రీసెట్ బటన్ నమ్ముకోవద్దు. అప్పుడు క్యాష్‌లో కిందటి బూట్ డేటానే ఉంటుంది, చాలాసార్లు ఇప్పటి డేటాతో సరిపోతుంది కూడా. పవర్ కేబుల్ పీకి, టీ తాగొచ్చి, మళ్లీ పెట్టండి.