షుగరు మీటరు కొనేటప్పుడు ముందుగా స్ట్రిప్ ధర అడగండి

నమస్కారం. నేను తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. ఇంట్లోనే షుగరు చూసుకోవడానికి వాడే మీటర్ల గురించి, వాటిలో పెట్టి రక్తపు చుక్క అంటించే స్ట్రిప్‌ల గురించి ఈ వీడియోలో వివరిస్తాను. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం మన దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలు మధుమేహంతో ఉన్నారని తేల్చింది. అందుకే ఒకప్పుడు పెద్ద ఆసుపత్రుల దగ్గర మాత్రమే కనిపించిన ఈ మీటర్లు ఇప్పుడు సందు చివరి మందుల అంగడిలోనూ దొరుకుతున్నాయి.

మా నాన్నగారి కోసం మొదటి మీటరును నేను పండుగ తగ్గింపు చూసి ఆన్‌లైన్‌లో తెప్పించాను. దానితో వచ్చిన పాతిక స్ట్రిప్‌లు అయిపోయిన తరువాత బైరాగిపట్టెడ నుంచి లీలామహల్ కూడలి దాకా ఎన్ని అంగళ్లలో అడిగినా ఆ స్ట్రిప్‌లు దొరకలేదు. ఒక కంపెనీ స్ట్రిప్ మరొక కంపెనీ మీటరులో పనిచేయదు కాబట్టి, చక్కగా ఉన్న ఆ మీటరును బీరువాలో పెట్టేయవలసి వచ్చింది. ఆ పది రోజులూ ఇన్సులిన్ మోతాదు సరిపోతున్నదో లేదో తెలియక నాన్నగారు పడిన ఆందోళన నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఈ వ్యాపారం నడిచేదంతా స్ట్రిప్ మీదనే. మీటరును ఒక్కసారి కొంటాము. చాలా చోట్ల కొన్ని స్ట్రిప్‌లు కలిపి తక్కువ ధరకే ఇస్తారు. ఒక స్ట్రిప్ 20 రూపాయలు పడుతుందనుకుంటే, రోజుకు రెండుసార్లు చూసుకునే ఇన్సులిన్ రోగికి నెలకు 1,200 రూపాయలు అవుతుంది, అంటే ఏడాది తిరిగేసరికి 14,000 దాటుతుంది. కాబట్టి అంగడిలో అడగవలసిన మొదటి ప్రశ్న యాభై స్ట్రిప్‌ల డబ్బా ఎంత అని, రెండవ ప్రశ్న అది తమ దగ్గర ఎప్పుడూ ఉంటుందా అని. 2021 జులైలో కేంద్రం గ్లూకోమీటర్ల అమ్మకంపై వ్యాపారుల లాభానికి పరిమితి పెట్టింది. 2025 సెప్టెంబరు 22 నుంచి మీటర్లపైనా స్ట్రిప్‌లపైనా జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు మీ బిల్లులో కనిపిస్తున్నదో లేదో తప్పక చూడండి.

ఇప్పుడు నా ముందున్న రెండు మీటర్లను చూద్దాం. అక్యూ-చెక్ యాక్టివ్ స్ట్రిప్ మీద మారిన రంగును చదువుతుంది. దానికి 1 నుంచి 2 మైక్రోలీటర్ల రక్తం కావాలి. కాంటూర్ ప్లస్ రక్తంలోని గ్లూకోజు వల్ల పుట్టే స్వల్ప విద్యుత్తును కొలుస్తుంది; దానికి 0.6 మైక్రోలీటరు చాలు, మొదటి చుక్క చాలకపోతే అదే స్ట్రిప్‌కు వెంటనే మరికొంత రక్తం అందించవచ్చు. జీవితమంతా పొలం పని చేసి వేళ్లు మొద్దుబారిన పెద్దవారికి ఈ తేడా చాలా పెద్దది. నాన్నగారికి నేను రెండవదానినే ఎంచుకున్నాను.

మీటరు తప్పు చూపిస్తున్నదని చాలామంది ల్యాబ్ కాగితం పట్టుకొని బాధపడుతుంటారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం గ్లూకోజు 100, ఆ పైన ఉన్నప్పుడు వందకు 95 రీడింగులు 15 శాతం అటూ ఇటూగా ఉంటే చాలు. అంటే ల్యాబ్‌లో 200 వచ్చినప్పుడు మీటరు 170 చూపినా 230 చూపినా అది ప్రమాణానికి లోబడినట్లే. భోజనం తరువాత వేలి కొస రక్తంలో చక్కెర, చేతి నరం నుంచి తీసిన రక్తంలో కన్నా సహజంగానే కొంత ఎక్కువగా ఉంటుంది. రక్తహీనత ఉన్నవారికి చాలా మీటర్లలో అంకె అసలు కన్నా ఎక్కువగా రావచ్చు. ఈ సంగతి మీ వైద్యునికి ముందే చెప్పండి.

అసలైన పొరపాటు మాత్రం చాలాసార్లు మన చేతిలోనే జరుగుతుంది. బేనీషా మామిడి కోసిన చేత్తోనో, లడ్డు ప్రసాదం అందుకున్న చేత్తోనో పరీక్ష చేసుకుంటే, వేలికంటిన తీపి కలిసి అంకె ఎంతో పెరిగిపోతుంది. స్పిరిట్ దూదితో తుడిచినంత మాత్రాన ఆ తీపి పూర్తిగా పోదు. నీళ్లతో సబ్బుతో కడిగి, బాగా ఆరనిచ్చి, వేలి కొస మధ్యలో కాక పక్కన గుచ్చుకోవాలి. ఒకరు వాడిన సూదిని ఇంట్లో మరొకరు, భార్యాభర్తలైనా సరే, వాడకూడదు.

చేతికి అతికించుకునే సెన్సర్ల గురించి కూడా అడుగుతున్నారు. ఫ్రీస్టైల్ లిబ్రే వంటిది 14 రోజుల పాటు చర్మం కింది ద్రవంలోని గ్లూకోజును కొలుస్తుంది కనుక రక్తం కన్నా కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. రాత్రి నిద్రలో షుగరు పడిపోయేవారికి అది విలువైనదే. మాత్రలతో అదుపులో ఉన్నవారు అంత ఖర్చు పెట్టవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

చివరగా మన ఎండల సంగతి. స్ట్రిప్ మీద ఉండేది ఎంజైము. వేడికీ తేమకూ అది పాడైపోతుంది. చాలా డబ్బాల మీద 30 డిగ్రీలు దాటకూడదని రాసి ఉంటుంది, మన తిరుపతి వేసవి 40 దాటుతుంది. బండి డిక్కీలోనూ, పొయ్యి పక్కనా, స్నానాల గదిలోనూ డబ్బాను ఉంచకండి. స్ట్రిప్ తీసిన వెంటనే మూత బిగించండి. మూత తెరిచిన తరువాత ఎన్ని నెలలు వాడవచ్చో కంపెనీని బట్టి మారుతుంది, ఆ సంఖ్య డబ్బా మీదగాని కాగితంలోగాని ఉంటుంది. మా ఇంట్లో కొత్త డబ్బా తెరిచిన రోజే నాన్నగారు దాని మీద తేదీ పెన్నుతో రాసిపెడతారు.