నాన్న మాట, అన్నయ్య ఫోను

వాణి: నమస్తే అండీ. పోయిన వారం మాటిచ్చినట్టే ఈరోజు లివింగ్ విల్ గురించి, అంటే బాగుపడే ఆశ లేనప్పుడు నాకు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే కాగితం గురించి. శ్రీధరన్న తనదే పట్టుకొచ్చారు.

శ్రీధర్: నోటరీ స్టాంపుతో సహా. నిర్ణయం చెప్పాల్సినవాళ్లుగా మా ఆవిడ పేరు, తమ్ముడి పేరు పెట్టాను.

వాణి: వదిన ఒప్పుకున్నారా?

శ్రీధర్: మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు తనకీ రాసిపెట్టమంది.

వాణి: సరే, చట్టం సంగతి చెప్పండి.

శ్రీధర్: 2018 మార్చి 9న సుప్రీంకోర్టు తీర్పు. కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు. గౌరవంగా పోవడం కూడా జీవించే హక్కులో భాగమేనన్నారు. కానీ ఆ కాగితం మీద మేజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు. మామూలు మనిషికి అది అయ్యే పనేనా? 2023 జనవరిలో ఆ నిబంధన తీసేశారు. ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసర్ గానీ ఉంటే చాలు. తర్వాత వైద్యం ఆపొచ్చా లేదా అని ఆసుపత్రిలో డాక్టర్ల బోర్డులు రెండు చూస్తాయి. ఒక్కో బోర్డు 48 గంటల్లో చెప్పేలా చూడాలి. అసలు వీటన్నిటికంటే ముందు నొప్పి తగ్గించే మార్ఫిన్ మాత్ర...

వాణి: అన్నా, మార్ఫిన్ దగ్గరికి వద్దాం. ఆ కాగితం మా ఇంట్లో ఉంటే బాగుండేది. నాన్న పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నారు. ట్యూబు లాగేసుకుంటారని చేతులు గుడ్డతో మంచానికి కట్టేశారు. అమ్మని రోజుకి పది నిమిషాలు లోపలికి పంపేవాళ్లు. ఆ పది నిమిషాలూ ఆ ముడి కింద ఎర్రగా కందిన చోట కొబ్బరినూనె రాసేది.

శ్రీధర్: ఆయన ముందే చెప్పారన్నావు కదా.

వాణి: పక్కింటి తాతగారు పోయినప్పుడే చెప్పారు. "నాకు పైపులు పెట్టకండి, నా అరుగు మీద నన్ను పోనివ్వండి" అని. అందరం విన్నాం. అయినా అన్నయ్య డల్లాస్ నుంచి ఫోన్ చేసి, "నేను వచ్చేదాకా ఏదీ తీయొద్దు, ఎంత ఖర్చైనా సరే" అన్నాడు.

శ్రీధర్: వాణీ, వాడి వైపు నుంచి కూడా చూడమ్మా. అంత దూరాన ఉన్నవాడికి నాన్న ముఖం చూడాలని ఉండదా?

వాణి: ఉంటుంది. కానీ ఆ కట్లు వాడి చేతులకి లేవు కదా!

శ్రీధర్: ముంబైలో అరుణా శాన్‌బాగ్ అని ఒక నర్సు, దాడిలో మెదడు దెబ్బతిని స్పృహ లేకుండా మంచాన పడింది. ఆవిడని కేఈఎం ఆసుపత్రి నర్సులు ఏళ్ల తరబడి సాకారు. ఆవిడకి తిండి ఆపాలని వేరే ఒకరు కోర్టుకెళితే ఆ నర్సులు వద్దని పట్టుబట్టారు. 2011లో కోర్టు ఆ నర్సుల మాటే విన్నది. వదలలేకపోవడం కూడా ప్రేమే.

వాణి: వాళ్లు రోజూ ఆవిడ ఒళ్లు తుడిచారన్నా. ఆ మాట అనే హక్కు వాళ్లకుంది. ఫోన్‌లో మాట్లాడినవాడికి లేదు.

శ్రీధర్: అంత మాట అనకు.

వాణి: అంటాను.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు)

శ్రీధర్: చివరికి నాన్నని ఇంటికి ఎలా తెచ్చారు?

వాణి: అన్నయ్య వచ్చి చూసి ఏడ్చి, వాడే తీసుకెళదామన్నాడు. బాధ్యత మాదేనని రాయించుకుని అమ్మ చేత సంతకం పెట్టించారు. దారంతా అంబులెన్సు కుర్రాడు గాలి సంచి నొక్కుతూనే ఉన్నాడు. అరుగు మీద పడుకోబెట్టాక అమ్మ తులసి తీర్థం పోసింది. ఒక చుక్క లోపలికెళ్లింది, మిగతాది చెంప మీదుగా కారిపోయింది. ఇప్పటికీ అడుగుతుంది, "ఆ సంతకంతో నేనే చంపానా?" అని.

శ్రీధర్: కాదని చెప్పు. సూది మందిచ్చి ప్రాణం తీయడం వేరు, అది మన దేశంలో నేరం. ఫలితం లేని వైద్యం ఆపడం వేరు. ఆయన్ని తీసుకెళ్లింది జబ్బు. ఆ చివరి గంటల్లో నొప్పి లేకుండా ఎవరైనా చూశారా? అందుకే మార్ఫిన్ అంటాను. 1985 మత్తుమందుల చట్టానికి భయపడి ఆ మాత్ర దొరక్కుండా చేశారు. 2014లో సడలించినా భయం పోలేదు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట్ల నొప్పి తగ్గించడానికే ఒక విభాగం ఉంది. అలాంటిది ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ ఉండాలి.

వాణి: ఇది చెప్పకుండా మీకు ఎపిసోడ్ అవ్వదు.

శ్రీధర్: మా అమ్మ ఆ మాత్ర వల్లే చివరి నెల పడుకుని నిద్రపోయింది వాణీ. అంతకుముందు రాత్రంతా కూర్చునే ఉండేది.

వాణి: తెలుసన్నా. ...ఖమ్మం నుంచి ఒకరు చెస్ ఆటగాడు వెంకటేష్ గురించి అడిగారు.

శ్రీధర్: 2004, మన హైకోర్టే. కండరాల జబ్బు. పోయేలోపు అవయవాలు ఇచ్చేస్తానన్నాడు. బ్రెయిన్ డెడ్ అయితేనే తీయాలని చట్టం. కోర్టు కాదంది. ఆ డిసెంబర్‌లోనే పోయాడు. వాళ్లమ్మ కొడుకు కోరిక కోసం కోర్టుకెళ్లింది చూడు, ఆవిడ ధైర్యం నాకు లేదు.

వాణి: నాకూ లేదు. అమ్మనింకా అడగనే లేదు, తనకేం కావాలో.

శ్రీధర్: ఎప్పుడడుగుతావు?

వాణి: ఆదివారం వెళుతున్నాను. ఒప్పుకుంటే సాక్షిగా వస్తారా?

శ్రీధర్: వస్తాను. ఎన్నింటికి?

వాణి: ఎండ ముదరకముందే. అరుగు మీదే కూర్చుంటుంది ఆ టైముకి.