మందు పడలేదనే ముందు

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రులు నా గురించి చాలా ఎక్కువ చెప్పేశారు. పొగడ్తలు తీసేస్తే మిగిలేది ఇంతే: చాలా ఏళ్లు సిగరెట్లు కాల్చినవాణ్ని, మందులు వాడి మానేసినవాణ్ని. డాక్టర్ని కాను. నా మాట విని ఎవరూ మందు మొదలుపెట్టొద్దు, వాడుతున్నవాళ్లు ఆపొద్దు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలిస్తే చాలు, నేను వచ్చిన పని అయినట్టే.

మే 31 కదా, పొగాకు వ్యతిరేక దినం. హాలు గోడల నిండా నల్లబడిన ఊపిరితిత్తుల బొమ్మలు పెట్టారు, బాగున్నాయి. వాటిని చూసి భయపడి, సరే మానేద్దాం అనుకున్నవాడికి మర్నాటి నుంచి ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పే బొమ్మ మాత్రం ఒక్కటీ కనబడలేదు. నాకిచ్చిన అంశం ‘పొగాకు, సమాజం’. సమాజం సంగతి నా తర్వాత మాట్లాడేవారు చూసుకుంటారు. నేను వికారం గురించీ, కలల గురించీ మాట్లాడతాను.

మానడానికి మందులున్నాయని తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ముందు ఆ ముక్క. ఒకటి నికోటిన్‌నే పొగ లేకుండా ఇచ్చే పద్ధతి: ఒంటికి అంటించుకునే ప్యాచ్, నమిలే గమ్, చప్పరించే బిళ్ళలు. రెండోది బుప్రోపియాన్ మాత్ర. మూడోది వరెనిక్లిన్ మాత్ర. నికోటిన్ ప్యాచ్, గమ్‌లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది, మిగతా రెండింటినీ 2021లో చేర్చింది. 2024 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల్లో సైటిసిన్ అనే ఇంకో మందు పేరు కూడా ఉంది. అంటే ఇవేవో గాలిమాటల మందులు కావు. పనిచేస్తాయని తేలినవే.

గమ్ పుట్టుక కథ నాకు భలే ఇష్టం. 1967లో స్వీడన్‌లో ఇద్దరు పరిశోధకులు ఒక సంగతి గమనించారు. జలాంతర్గామిలో సిగరెట్ కాల్చనివ్వరు. అందులో పనిచేసే నావికులు నీళ్ల కిందకి వెళ్లినప్పుడు నోట్లో పెట్టుకునే పొగాకుకి మారేవారు. నికోటిన్ నోటి ద్వారా అందితే సిగరెట్ లేకుండా గడుస్తుందన్నమాట! ఈ ముక్క ఓవె ఫెర్నో అనే రసాయన శాస్త్రవేత్తకి రాశారు. ఆయన ఏళ్ల తరబడి కుస్తీ పట్టి గమ్ తయారు చేశాడు. 1984లో అమెరికా దాకా వెళ్లింది.

అంత కష్టపడి తయారు చేసిన గమ్‌ని మనం ఏం చేస్తాం? మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేస్తాం. నికోటిన్ అంతా ఒక్కసారిగా ఊరి, లాలాజలంతో కడుపులోకి పోతుంది. ఎక్కిళ్లు, గుండెల్లో మంట, వికారం, దవడ నొప్పి. అయ్యా, దాన్ని నాలుగైదు సార్లు మెల్లగా నమలాలి. నోట్లో చిమచిమ మొదలవగానే ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి ఊరుకోవాలి. చిమచిమ తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా ఓ అరగంట. గమ్ వేసుకునే ముందు పావుగంట పాటు కాఫీ, పళ్లరసం, కూల్‌డ్రింకులు వద్దు. వాటి పులుపు వల్ల నోరు నికోటిన్‌ని సరిగ్గా పీల్చుకోదు. ఈ నాలుగు మాటలూ చెప్పడానికి ఎంతసేపు పట్టింది? నిమిషం కూడా పట్టలేదు. ఈ నిమిషం దొరక్కే ఎంతోమంది ‘గమ్ నాకు పడలేదు’ అని అవతల పారేశారు.

ప్యాచ్ అంటించిన చోట చర్మం ఎర్రబడి దురద పెడుతుంది. రోజూ చోటు మార్చాలి. రాత్రంతా ఉంచితే కొందరికి నిద్ర పాడవుతుంది, కలలు ఎక్కువవుతాయి. అలాంటివాళ్లు పడుకునే ముందు తీసేయొచ్చా అని డాక్టర్ని అడగాలి. ప్యాచ్ గురించి ఇంతే.

ఇక నా బాధకి వస్తాను. నాకు రాసింది వరెనిక్లిన్. మెదడులో నికోటిన్ వెళ్లి కూర్చునే చోట ఇది కూర్చుంటుంది. కొంచెం తృప్తినిస్తుంది, అసలు నికోటిన్ వచ్చినా కూర్చోవడానికి చోటివ్వదు. అందుకే మధ్యలో సిగరెట్ వెలిగించినా పాత రుచి ఉండదు. మొదటి మూడు రోజులు అర మిల్లీగ్రాము రోజుకొకసారి, నాలుగు నుంచి ఏడో రోజు దాకా రెండుసార్లు, ఎనిమిదో రోజు నుంచి ఒక మిల్లీగ్రాము రెండుసార్లు. మామూలుగా పన్నెండు వారాలు. మొదటి వారం సిగరెట్ కాలుస్తూనే మందు వేసుకోవచ్చు, ఎనిమిదో రోజు నుంచి మానాలి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నాకు రాసిచ్చిన డాక్టరు గారు చీటీ మీద పేరు గీకి, ‘వేసుకోండి, మానేస్తారు’ అన్నారు. ఆ రెండు ముక్కలే. తలుపు దగ్గర తర్వాతి పేషెంటు నిలబడి ఉన్నాడు.

పొద్దున్నే లేచి పరగడుపున వేసుకున్నాను. అరగంటలో కడుపులో తిప్పుడు. బస్సులో నిలబడలేక మధ్యలో దిగి ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను. మర్నాడూ అంతే. మా ఆవిడ ‘మందు పడలేదండీ, ఆపేయండి’ అంది. ఆవిడ తప్పేం లేదు, కళ్ల ముందు మనిషి డోక్కుంటుంటే ఎవరైనా అదే అంటారు. మూడో రోజు వాంతి తగ్గే బిళ్ళ కొందామని మందుల షాపుకి వెళ్తే, కౌంటర్‌లో ఉన్న కుర్రాడు నా చేతిలో స్ట్రిప్ చూసి, ‘ఏమీ తినకుండా వేసుకుంటున్నారా సార్?’ అని అడిగాడు. కడుపు నిండా తిన్నాక, గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలట. అంతే. పూర్తిగా పోలేదు గానీ భరించగలిగేలా తగ్గింది. అంత చదువుకున్న డాక్టరు గారు చెప్పని మాట, డిగ్రీ చదువుతూ సాయంత్రాలు పనిచేసే కుర్రాడు చెప్పాడు. ఆ కుర్రాడు అడక్కపోతే ఈ రోజు నేను ఇక్కడ ఉండను, బయట ఎక్కడో పాన్ డబ్బా దగ్గర ఉండేవాణ్ని.

తిన్నాక వేసుకున్నా వికారం తగ్గనివాళ్లుంటారు. వాళ్లకి డాక్టర్లు మోతాదు తగ్గించవచ్చు. ఇదీ ఎవరూ చెప్పరు. మనం అడగాలి.

కలలు! వరెనిక్లిన్ వాడినవాళ్లు ఈ హాల్లో ఉంటే ఇప్పటికే నవ్వుకుంటూ ఉంటారు. మామూలు కలలు కావవి. రంగులు, మాటలు, వాసనలతో సహా వస్తాయి. ఒక రాత్రి మా నాన్నగారు వచ్చారు. ఆయన బతికున్నన్నాళ్లూ ఆయన ఎదుట నేను సిగరెట్ పట్టుకోలేదు, ఆయనకి ఆ అలవాటే లేదు. కలలో ఆయన నా పక్కన అరుగు మీద కూర్చుని, ‘ఏరా, ఒక్కడివే కాలుస్తున్నావే, నాకేదీ?’ అన్నారు. ఇచ్చాను. నేనే వెలిగించాను కూడా. ఇద్దరం తీరిగ్గా కాలుస్తూ ఇంటి పన్ను గురించి మాట్లాడుకున్నాం. మెలకువ వచ్చాక గుండె దడదడ. వేళ్లు వాసన చూసుకున్నాను. నిజంగానే లేచి వెళ్లి కాల్చానేమోనని వంటింట్లో అగ్గిపెట్టె వెతికాను. మా ఆవిడ లేచి లైటు వేసి, ఈ వయసులో అర్ధరాత్రి వేళ్లు వాసన చూసుకుంటున్న మనిషిని చూసి ఏమనుకుందో, ఇప్పటికీ చెప్పదు.

నవ్వండి, పర్వాలేదు. కానీ ఆ రాత్రి నాకు నవ్వు రాలేదు. మతి పోతోందేమో అనుకున్నాను. ఇలాంటి కలలు ఈ మందుతో వస్తాయని, ప్యాచ్‌తోనూ వస్తాయని, మందు లేకుండా మానేసినవాళ్లకి కూడా సిగరెట్ కాల్చినట్టు కలలు రావడం మామూలేనని ఒక్కరు చెప్పి ఉంటే హాయిగా పక్కకి తిరిగి పడుకునేవాణ్ని. రెండో మాత్ర పడుకోబోయేటప్పుడు కాకుండా రాత్రి భోజనం కాగానే వేసుకున్నాక నాకు కొంత నయమైంది.

అధ్యక్షులవారు చీటీ పంపారు, ఐదు నిమిషాలట. బుప్రోపియాన్ గురించి అందుకే టూకీగా. ఇది మొదట డిప్రెషన్ మందు. నోరు ఎండిపోవడం, నిద్ర పట్టకపోవడం ఎక్కువ. రెండు మాత్రల మధ్య కనీసం ఎనిమిది గంటలు ఉండాలి, రెండోది మరీ రాత్రి వేసుకోకూడదు. ఇక్కడ నవ్వులాట లేదు: ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్లు డాక్టరుకి చెప్పి తీరాలి, వాళ్లకి ఈ మందు ఇవ్వరు. రోజూ బాగా తాగి, మద్యం ఒక్కసారిగా ఆపేసినవాళ్లకీ ప్రమాదమే. మామూలు మోతాదులో వాడేవాళ్లలో సుమారు వెయ్యి మందిలో ఒకరికి ఫిట్స్ వచ్చే అవకాశం ఉంది.

ఇప్పుడు అసలు మాట. దీనికోసమే వచ్చాను, చీటీలు వచ్చినా చెప్పే వెళతాను. సిగరెట్ మానడానికే సైడ్ ఎఫెక్టులున్నాయి. చిరాకు, కోపం, నిద్ర పట్టకపోవడం, ఏకాగ్రత లేకపోవడం, విపరీతమైన ఆకలి, మలబద్ధకం, నోటి పూత, దగ్గు పెరగడం. ఏ మందూ ముట్టకుండా మానినా వస్తాయివి. మొదటి వారం దంచుతాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. మరి మందు కూడా అదే వారంలో మొదలవుతుంది కదా! ఒంట్లో ఏం జరిగినా నెపం మాత్ర మీదకి పోతుంది. పాపం మాత్ర ఆపేస్తారు. తగ్గేది ఏమీ ఉండదు, యావ మాత్రం రెట్టింపవుతుంది, సాయంత్రానికి సిగరెట్ చేతిలో ఉంటుంది.

2016లో ‘ఈగల్స్’ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్నారు. వరెనిక్లిన్ వాడినవాళ్లలో ఎక్కువగా కనబడింది వికారం, నూటికి 25 మందిలో. బుప్రోపియాన్‌తో నిద్ర పట్టకపోవడం, 12 మందిలో. ప్యాచ్‌తో విచిత్రమైన కలలు, 12 మందిలో. నాలుగో గుంపుకి ఇచ్చింది మందే లేని ఉత్తి బిళ్ళ. వాళ్లలో నూటికి 10 మందికి తలనొప్పి! దాన్ని ఏ మందు మీదకి తోస్తాం చెప్పండి?

ఆ అధ్యయనం జరిగిందే ఒక భయం వల్ల. వరెనిక్లిన్ వాడినవాళ్లలో కొందరికి దిగులు, ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని ఫిర్యాదులు రావడంతో 2009లో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఆ మందు సమాచారపత్రం మీద అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక, నల్ల గీతల పెట్టెలో రాసేది, వేయించింది. ఉత్తి బిళ్ళతో పోల్చి చూస్తే అలాంటి సమస్యలు చెప్పుకోదగ్గంత ఎక్కువేమీ లేవని ఈగల్స్‌లో తేలాక, 2016 డిసెంబర్‌లో ఆ పెట్టె తీసేశారు. పెట్టె పోయింది, భయం పోలేదు. ఎవరో ఎప్పుడో విన్నది ఇప్పటికీ చెబుతూనే ఉంటారు. అలాగని కళ్లు మూసుకోమనను. మనసు అదోలా మారితే, చచ్చిపోవాలనిపిస్తే మందు ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ఇంట్లోవాళ్లకి ఇది ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే మార్పు మనకన్నా ముందు వాళ్లకే తెలుస్తుంది.

కాఫీ తాగేవాళ్లూ, ఒక్క నిమిషం! సిగరెట్ పొగలో ఉండే కొన్ని పదార్థాలు లివర్‌ని తొందరపెట్టి కెఫీన్‌ని త్వరగా అరగదీయిస్తాయి. నికోటిన్ చేసే పని కాదిది, పొగ చేసేది. పొగ ఆగాక అదే కాఫీతో ఒంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు దాకా పోవచ్చు. చేతులు వణకడం, దడ, టెన్షన్, నిద్ర లేకపోవడం. మళ్లీ నెపం మాత్ర మీదకే! మానే వారంలో కాఫీ సగం చేయండి. కెఫీన్ ఒక్కటే కాదు, ఆస్తమాకి థియోఫిలిన్, మానసిక సమస్యలకి క్లోజపిన్, ఒలాంజపిన్ వాడేవాళ్లకీ ఇదే జరుగుతుంది. మోతాదు మార్చాల్సి రావచ్చు. సిగరెట్ మానుతున్నట్టు ఆ డాక్టరుకి ముందే చెప్పాలి.

ఈ హాల్లో డాక్టర్లు కూడా ఉన్నారని విన్నాను. అయ్యా, అమ్మా, మీకు టైము లేదని తెలుసు. చీటీ వెనక రాసివ్వండి: తిన్నాక వేసుకో, కలలు వస్తాయి, మొదటి వారం చిరాకు సిగరెట్ మానినందుకు, వారం తర్వాత ఫోన్ చెయ్యి. ఇంతకన్నా ఎక్కువ నేను అడగను.

కింద నుంచి ఇంకో చీటీ వచ్చింది. ఇది అధ్యక్షులవారిది కాదు, ప్రశ్న. ‘మందు వాడుతూ ఒకసారి కాల్చేశాను, ఇక మందు వేస్టేనా?’ కాదండీ. మందు ఆపొద్దు, కోర్సు కొనసాగించండి. ప్యాచ్ ఉన్నా అంతే, ఒక సిగరెట్ కాల్చినందుకు పీకేయక్కర్లేదు. ఎప్పుడు, ఎవరితో ఉన్నప్పుడు కాల్చారో గుర్తుపెట్టుకుని ఈసారి డాక్టరుకి చెప్పండి. చీటీ రాసినవారు సభ అయ్యాక కలవండి, నేను మెట్ల దగ్గర ఉంటాను. ఏ మందో తెలియాలి కాబట్టి స్ట్రిప్ జేబులో ఉంటే తీసుకురండి.