పది రోజుల జపాన్ స్టడీ టూరు

శ్రోతలకు నమస్కారం.

మన కాలేజీల పిల్లలు పది రోజులకో రెండు వారాలకో విదేశీ స్టడీ టూరుకు వెళ్లిరావడం ఇప్పుడు వింతేమీ కాదు. జపాన్ సంగతే చూద్దాం. విదేశీ విద్యార్థుల్ని కొద్దిరోజులకు జపాన్‌కు పిలిపించేందుకు అక్కడి ప్రభుత్వ సంస్థ 2014లో మొదలుపెట్టిన సకురా సైన్స్ కార్యక్రమం కింద మన దేశ విద్యార్థులూ వెళ్తున్నారు. సొంత ఖర్చుతో పంపే తల్లిదండ్రులూ ఉన్నారు.

తిరిగొచ్చినవాళ్లను కదిపితే "ఎంత శుభ్రమో సార్, ఎంత క్రమశిక్షణో!" అంటారు. నిజమే, కానీ ఈ మాట వాళ్లు విమానం ఎక్కకముందూ అన్నదే. ఉన్న అభిప్రాయానికి ఫొటోలు తోడయ్యాయంతే.

ఎందుకిలా అవుతుంది? ఎక్కువగా తప్పు ప్రోగ్రాంలోనే ఉంటుంది. ఎనిమిది రోజుల్లో టోక్యో, క్యోటో, ఒసాకా, హిరోషిమా. పగలంతా బస్సు, రాత్రి ఇండియన్ రెస్టారెంటు, ఒకే హోటల్లో అందరూ కలిసి తెలుగులో కబుర్లు. ఇందులో జపాన్ మనిషితో మాట్లాడే సందేది? అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు: రెండు వర్గాలవాళ్లు ఎదురుపడినంత మాత్రాన అపోహలు పోవు. ఇద్దరికీ సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, కలిసి చేసే పని, పైవాళ్ల మద్దతు ఉండాలి. గైడూ టూరిస్టూ మధ్య ఇవేవీ ఉండవు. ఒకే ల్యాబ్ బల్ల దగ్గర ఒకే ప్రాజెక్టు చేసే ఇద్దరు విద్యార్థుల మధ్య ఉంటాయి. కాబట్టి నాలుగు నగరాలు మాని ఒకటో రెండో పెట్టుకోండి. సగం రోజులు అక్కడి విద్యార్థులతో కలిసి పనిచేయించండి, రెండు రాత్రులైనా ఎవరింట్లోనైనా ఉంచండి.

ఇక రోజూ రాత్రి నలభై నిమిషాలు అధ్యాపకుడు పిల్లల్ని కూర్చోబెట్టాలి. నోటుబుక్కులో పేజీకి మూడు గళ్లు: చూసింది, అనుకున్నది, అడిగి తెలుసుకున్నది. ఉదాహరణకు, జపాన్ స్కూల్లో పిల్లలే తరగతి గదులు, వరండాలు తుడుస్తారు. చాలాచోట్ల భోజనం వడ్డించుకునేదీ వాళ్లే. మనవాళ్లు రెండో గడిలో "పనివాళ్లు లేరేమో" అనో, "క్రమశిక్షణ" అనో రాస్తారు. అక్కడి టీచరును అడిగితే, అది కూడా చదువులో భాగమేనని తెలుస్తుంది. అసలు చర్చ అప్పుడు మొదలవుతుంది. మన బడిలో పిల్లల చేత చీపురు పట్టిస్తే తల్లిదండ్రులు ఎందుకు గొడవ చేస్తారు? పట్టించేది ఎవరి పిల్లల చేత అన్న ప్రశ్న ఇక్కడ ఉంది కాబట్టి. ఊడ్చే పని ఏ కులానికో, ఆడపిల్లలకో అంటగట్టిన చరిత్ర మనది. జపాన్ గురించి మొదలైన మాట మన ఊరి దగ్గరికి వచ్చిందంటే ఆ టూరు ఫలించినట్టే. ఇది పిల్లలకు వదిలేస్తే జరగదు. విదేశాల్లో చదివిన అమెరికా విద్యార్థుల మీద 2009లో వెలువడిన జార్జిటౌన్ కన్సార్షియం పరిశీలనలోనూ, పక్కనుండి మాట్లాడించే మార్గదర్శి ఉన్నవాళ్లే ఎక్కువ మారారని తేలింది.

తిండి దగ్గర తగాదా మామూలే. "వెజిటేరియన్" అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో సూపులో ముక్కలు కనిపించకపోయినా, దాని రసం చాలావరకు ఎండబెట్టిన బొనిటో చేపతో కాచిందే. వండినవాళ్లు మోసం చేయలేదు, వాళ్ల లెక్కలో రసం మాంసం కాదు. మాంసం, చేప, చేప రసం, వీటిలో ఏవి తినరో విడివిడిగా జపనీస్‌లో కార్డు రాయించి, నెల ముందే ఆతిథ్యమిచ్చే ఇంటికి పంపండి. గుమ్మంలో బూట్లు విడవడం మనకు కొత్త కాదు. టాయిలెట్‌లో వేసుకునే చెప్పులు వేరే ఉంటాయి, వాటితో హాల్లోకి నడిచొచ్చేస్తుంటారు మనవాళ్లు. వీధిలో చెత్తడబ్బాలు అరుదు, కాబట్టి బ్యాగులో ఒక కవరు ఉంచుకోవాలి. లోకల్ రైల్లో ఫోన్ మాట్లాడకూడదు.

తిరిగొచ్చాక సర్టిఫికెట్లు పంచేసి ఊరుకుంటారు చాలామంది. అది వద్దు. అక్కడ మొదలెట్టిన ప్రాజెక్టును ఇంకో మూడు నెలలు ఆన్‌లైన్లో సాగించండి. జపాన్ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు. మన సాయంత్రం ఆరింటికి మీటింగ్ పెడితే అక్కడ రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది, ఎవరూ రారు. మధ్యాహ్నం రెండింటికి పెట్టండి.