జాబితాలో ఉంది, స్థలంలో పట్టదు

అందరికీ నమస్కారం.

అమెరికా సబర్బుల్లో ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. మీ వీధిలో ఏ రకం ఇల్లు కట్టొచ్చో, ఏది కట్టకూడదో తేల్చే కాగితం ఒకటి మీ సిటీ కౌన్సిల్ దగ్గర ఉంటుంది. దాన్నే జోనింగ్ కోడ్ అంటారు. అందులో ఒక పట్టిక ఉంటుంది. ఒక పక్క ఇళ్ల రకాలు, పైన జోన్ల, అంటే ఊరిని విడదీసిన ప్రాంతాల పేర్లు, గడుల్లో అనుమతి ఉందో లేదో చెప్పే గుర్తులు. ఈ మధ్య చాలా ఊళ్లు ఈ పట్టికను తిరగరాస్తున్నాయి. ఆ చర్చకు వెళ్లినప్పుడు పట్టిక ఒక్కటే చూసి తిరిగి రావద్దని మిమ్మల్ని అడగడానికే వచ్చాను.

ముందు ఒక మాట సంగతి. మనవైపు డ్యూప్లెక్స్ అంటే ఒకే కుటుంబం ఉండే, లోపల మెట్లున్న రెండంతస్తుల ఇల్లు. ఇక్కడ డ్యూప్లెక్స్ అంటే ఒకే భవనంలో రెండు కుటుంబాలు, రెండు వంటగదులు, రెండు గుమ్మాలు. ఊరివాళ్ల అభిప్రాయం వినే హియరింగుల్లో గొడవంతా ఈ రెండో గుమ్మం దగ్గరే.

ఆ గొడవకు వందేళ్ల వయసుంది. 1926లో, క్లీవ్‌లాండ్ పక్కనున్న యూక్లిడ్ అనే ఊరి కేసులో, జోనింగ్ రాజ్యాంగానికి విరుద్ధం కాదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు రాసిన జస్టిస్ జార్జ్ సదర్లాండ్, విడి ఇళ్ల మధ్య లేచే అపార్ట్‌మెంటును పరాన్నజీవితో పోల్చారు. ఫ్యాక్టరీ పొగ ఇళ్ల మీదికి రాకూడదంటే ఎవరైనా ఒప్పుకుంటారు. అద్దెకుండే కుటుంబాన్ని కూడా ఆ పొగతో జమకట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1917లో, ఏ జాతివాళ్లు ఏ వీధిలో ఉండాలో నిర్ణయించే లూయీవిల్ నగర చట్టాన్ని అదే కోర్టు కొట్టేసింది. మనుషుల్ని పేరుపెట్టి ఆపడం కుదరనప్పుడు, కొలతలు పెట్టి ఆపడం చాలా ఊళ్లకు అక్కరకొచ్చింది. ఒక్కో ఇంటికి ఉండాల్సిన కనీస స్థలం పెద్దదిగా రాస్తే చాలు, మిగతా పని ధర చూసుకుంటుంది. 1975లో మౌంట్ లారెల్ అనే ఊరి కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఈ పద్ధతిని తప్పుపట్టింది. ఎదుగుతున్న ఊళ్లు తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ఇళ్లకూ చోటివ్వాలంది.

ఆ కొలతలు ఎలా పనిచేస్తాయో ఒక కాగితం మీద గీసి చూద్దాం. వెడల్పు 50 అడుగులు, లోతు 120 అడుగులు ఉన్న స్థలం అనుకోండి. నాలుగిళ్ల భవనానికి పట్టికలో అనుమతి ఉంది. ముందు 25 అడుగులు ఖాళీగా వదలాలి, దీన్నే సెట్‌బ్యాక్ అంటారు. ఇంటికి రెండు కార్ల చొప్పున ఎనిమిదింటికి పార్కింగ్ చూపాలి. కారుకు 9 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. ఇటు నాలుగు, అటు నాలుగు, తిప్పుకోవడానికి మధ్యలో 24 అడుగులు. వెనక 60 అడుగులు వాటికే సరి. ఇంకా పునాది గీతే వేయలేదు, సగం స్థలం పోయింది! కార్లు వెనక్కి వెళ్లడానికి ఒక పక్క 12 అడుగుల దారి, రెండో పక్క ఏడున్నర అడుగుల ఖాళీ. భవనానికి మిగిలింది సుమారు 30 అడుగుల వెడల్పు, 35 అడుగుల లోతు. రెండంతస్తులు వేస్తే 2,100 చదరపు అడుగులు. నాలుగిళ్లకు పంచితే ఒక్కోదానికి 525, మెట్లూ గోడలూ అందులోనే. పిల్లలున్నవాళ్లు అందులో ఎలా సర్దుకుంటారు?

ఇప్పుడు పార్కింగును ఇంటికి ఒక్క కారుకు తగ్గించండి. ఒక్క వరుస చాలు, వెనక 42 అడుగులతో సరిపోతుంది. భవనం లోతు 53 అడుగులకు పెరుగుతుంది. ఒక్కో ఇల్లు దాదాపు 800 చదరపు అడుగులవుతుంది, రెండు పడకగదులు పడతాయి. పట్టికలో మాత్రం ఒక్క అక్షరం మారలేదు.

ఇది కాగితం లెక్కే అనుకోకండి. మినియాపొలిస్ 2018 చివర్లో, ఒక్కో స్థలంలో ఒక్క ఇల్లే అన్న చోట మూడిళ్ల భవనాలకు దారి తెరిచింది. నేనూ ఎంతో సంతోషించాను. కానీ చాలా వీధుల్లో ఆ మూడిళ్లనూ ఇంచుమించు ఒక్క ఇంటికిచ్చిన వైశాల్యంలోనే ఇమడ్చమంది. తర్వాత కొత్త ఇళ్లలో ఎక్కువ భాగం పెద్ద అపార్ట్‌మెంట్ భవనాల్లోనే వచ్చాయి, మూడిళ్లవి కొద్దిగానే లేచాయి. పోర్ట్‌లాండ్ 2020లో మరో దారి పట్టింది. ఆర్5 అనే అక్కడి ఇళ్ల జోన్‌లో ఒక్క ఇల్లు కడితే మొత్తం అంతస్తుల వైశాల్యం స్థలంలో 0.5 వంతు దాకా, రెండిళ్లయితే 0.6, మూడూ ఆపైన అయితే 0.7. ఇళ్లు పెరిగేకొద్దీ కాస్త పెద్దగా కట్టుకోనిచ్చింది. ఇక హ్యూస్టన్‌లో జోనింగే లేదు, అయినా కనీస స్థలం నిబంధన ఉంది. 1998లో నగరం లోపలి భాగంలో దాన్ని 5,000 నుంచి 1,400 చదరపు అడుగులకు తగ్గించాక టౌన్‌హౌస్‌లు, అంటే పక్కపక్కనే కట్టే సన్నటి ఇళ్లు, వేలల్లో వచ్చాయి.

పక్కింటివాళ్ల భయాలను కొట్టిపారేయమని అనను. మన పెరట్లోకి తొంగిచూసే మూడో అంతస్తు కిటికీ, నరికేసిన పెద్ద చెట్టు, ఇవి నిజమైన బాధలే. వాటికి ఎత్తు మీద, కిటికీల మీద, చెట్ల మీద నిబంధనలు రాసుకోవచ్చు, రాసుకోవాలి కూడా. భవనం బయటి ఆకారాన్ని ఎంత కట్టడి చేసినా నాకు అభ్యంతరం లేదు. లోపల ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో లెక్కపెట్టడమే నాకు నచ్చదు.

ఇంకొకటి. పట్టికలో కొన్ని గడుల్లో షరతులతో అనుమతి అని ఉంటుంది. అంటే ప్రతి భవనానికీ విడిగా హియరింగ్. పెద్ద బిల్డర్ లాయర్‌ను పెట్టుకుని నెలల తరబడి ఆగగలడు. పిల్లలు వెళ్లిపోయాక తన ఇంటిని రెండుగా చేసి, కింద తానుండి పైన అద్దెకిచ్చుకుందామనుకునే పెద్దావిడ ఆగలేదు. చిన్న ఇళ్ల రకాలకు ఆ గుర్తు పెడితే, అనుమతి లేదని రాసినట్టే లెక్క.

అందుకని ఈసారి హియరింగ్‌లో మీ వంతు వచ్చినప్పుడు ప్లానింగ్ సిబ్బందిని ఒక్కటి అడగండి. మన ఊళ్లో ఎక్కువగా కనిపించే స్థలం కొలత ఎంత? మీరు అనుమతించామంటున్న నాలుగిళ్లను దాని మీద గీసి చూపిస్తారా? పట్టకపోతే అడ్డుపడుతున్నది పార్కింగా, సెట్‌బ్యాకా, కనీస స్థలమా అని అక్కడే చెప్పించండి. గ్రాఫ్ కాగితాలు, స్కేళ్లు ఈ బల్ల మీద పెట్టాను. తమ స్థలం కొలతలు గుర్తున్నవాళ్లు ఎవరైనా ముందుకు రండి, మొదటిది ఇప్పుడే గీద్దాం.