కరెంటు మన మాటే

అధ్యక్షుల వారికి, గ్రంథాలయం కమిటీ వారికి, కుర్చీలు చాలక అరుగుల మీద కూర్చున్న మీ అందరికీ నమస్కారం.

కరపత్రంలో నా అంశం ‘విద్యుత్తు’ అని వేశారు. నేను చెప్పింది ‘కరెంటు’ అండీ. ముప్పై ఏళ్ళు స్తంభాలెక్కాను. ‘విద్యుత్తు పోయింది’ అని ఒక్కరంటే ఒక్కరు నాతో అనలేదు. విద్యుత్ అంటే సంస్కృతంలో మెరుపు. మెరుపుకి దూరం నుంచే దండం పెట్టాలి, వంటింటి బల్బుకి ఆ పేరెందుకు?

కరెంటుకి లాటిన్‌లో మూలం ‘కుర్రెరే’, పరుగెత్తడం. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకొచ్చింది. ముందు ఏటి పారుదలకి వాడి, తర్వాత తీగలోకి ఎక్కించారు. 1820లో ఫ్రాన్సులో ఆంపియర్ అనే శాస్త్రవేత్త రాసింది కూడా ఆ మాటే. మన కొరియర్, కరెన్సీ దాని అన్నదమ్ములు. బ్యాంకులో కరెంటు అకౌంటు, పిల్లలు బట్టీపట్టే కరెంటు అఫైర్స్ కూడా అదే: నడుస్తున్న ఖాతా, నడుస్తున్న సంగతులు.

తమాషా ఏంటంటే, మన ఇంటి తీగలో ఎలక్ట్రాన్లు పరుగెత్తవు. సెకనుకి 50 సార్లు ముందుకీ వెనక్కీ ఊగుతాయంతే! మనమేమో షాకు కొట్టినా కరెంటే అంటాం, బిల్లొచ్చినా కరెంటే అంటాం. మా లైన్‌మెన్లం మాత్రం ‘సప్లై’ అనుకునేవాళ్ళం. సరే, అది వదిలేయండి.

1996 నవంబరు 6. తుపాను. ఇక్కడున్న పెద్దవాళ్ళకి గుర్తే కదా? కొబ్బరిచెట్లు పడి, వాటి కింద మా స్తంభాలు పడి, ఏది ఏ లైనో తెలిసేది కాదు. దీపావళి నాలుగు రోజుల్లో ఉంది. కాలువగట్టు మీద ఒక మామ్మగారు నన్ను ఆపింది.

“ఒరే అబ్బాయ్, వేసవిలో కాలువ కట్టేసినా మళ్ళీ ఎప్పుడు వదులుతారో చెబుతారు. మీ కరెంటు ఎప్పుడు వదులుతార్రా?”

చూశారా అండీ, వదలడమంది! ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పట్నుంచీ నీళ్ళు వదలడం, కట్టేయడం చూస్తున్న ఊళ్ళు మనవి. లాటిన్ తెలియని మామ్మకి ఆ మాట లోగుట్టు తెలుసు. విద్యుత్తని రాసిన కమిటీవారు వింటున్నారా?

“దీపావళికి వదిలేస్తాం మామ్మగారూ” అన్నాను. అబద్ధమని నాకు తెలుసు. పండగనాడు ఆ గట్టు మీదుగా వెళ్ళలేక, చుట్టూ తిరిగి పొలాలకి అడ్డంపడి డ్యూటీకి వెళ్ళాను.